మైన్‌క్రాఫ్ట్‌లో చార్మినార్ చౌరస్తా సర్వర్ ల్యాగ్, విలేజర్లని ఏం చెయ్యాలి?

హైదరాబాద్ నుంచి నలుగురం కలిసి ఒక పబ్లిక్ సర్వర్ నడుపుతున్నాం, జావా ఎడిషన్, పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ మీద. అందులో కట్టిన చార్మినార్ 56 బ్లాకుల ఎత్తు, అంటే అసలు మీటర్ల లెక్కే, పక్కనే లాడ్ బజార్, ప్రతి గాజుల కొట్లో ఒక విలేజర్ (సరుకు అమ్మే గేమ్ పాత్ర), మొత్తం 64 మంది.

పగలు ఖాళీగా ఉన్నప్పుడు టీపీఎస్ (సర్వర్ సెకనుకి ఎన్నిసార్లు గేమ్‌ని ముందుకి నడుపుతోందన్న లెక్క, 20 ఉంటే ఫుల్ స్పీడ్) 20 నిలకడగా ఉంటుంది. రాత్రి 8 దాటాక పదిహేను మంది రాగానే 11కి పడిపోతోంది, నడుస్తుంటే రెండడుగులు వెనక్కి లాగేస్తోంది, కొట్టు మీద క్లిక్ చేస్తే ట్రేడ్ విండో రెండు సెకన్లకి గానీ తెరుచుకోదు. కొత్తగా వచ్చిన పిల్లలు చూసి వెళ్ళిపోతున్నారు, చాలా బాధగా ఉంది.

ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేశాం, తేడా లేదు. సిమ్యులేషన్ డిస్టెన్స్ (ఆటగాడి చుట్టూ ఎంత దూరం గేమ్ నడవాలో) 10 నుంచి 6కి దించాం, హాపర్లు (వస్తువుల్ని లాగి పంపే బ్లాకులు) అన్నీ తీసేశాం, కాస్త నయం అంతే. సర్వర్ టైమ్ ఎక్కడ పోతోందో చూపించే స్పార్క్ ప్లగిన్ రిపోర్ట్‌లో ఎక్కువ టైమ్ విలేజర్ల దగ్గరే పోతోంది. స్పిగాట్ సెట్టింగ్స్ ఫైల్లో విలేజర్ల యాక్టివేషన్ రేంజ్ (ఆటగాడు ఎంత దగ్గరలో ఉంటే వాళ్ళు పూర్తిగా పనిచేస్తారో ఆ దూరం) 32 నుంచి 16 చేసినా లాభం లేదు, ఎందుకంటే జనం సరిగ్గా వాళ్ళ మధ్యలోనే నిలబడతారు కదా. ఒక విలేజర్‌కి ఏఐ (తనంతట తాను కదిలే, పనిచేసే తెలివి) ఆపి చూస్తే ల్యాగ్ సంగతి ఏమో గానీ సరుకు రీస్టాక్ అవ్వట్లేదు, అంటే అమ్ముడైంది మళ్ళీ నిండట్లేదు.

విలేజర్లని తీసెయ్యకుండా, రీస్టాక్ పోకుండా, వాళ్ళ లోడ్ ఒక్కటే తగ్గించే సెట్టింగ్ గానీ ప్లగిన్ గానీ మీలో ఎవరైనా వాడారా?