సర్వర్ మార్చాక తెలుగంతా పాడైపోయింది, ఎవరైనా చెప్పండి ప్లీజ్

వంటింటి_కిటికీ (రాత్రి 2:40)
సాయంత్రం ఏడింటికి కూర్చున్నాను, ఇంకా లేవలేదు. 2006లో మొదలుపెట్టిన బ్లాగండీ నాది, వర్డ్‌ప్రెస్, 640 టపాలు. పాత హోస్టింగ్ వాళ్ళు రెన్యువల్ రేటు పెంచేశారని వేరే చోటికి మార్చాను. ఫైళ్ళు ఎక్కించాను, డేటాబేస్ ఎక్కించాను, ఒక్క ఎర్రర్ రాలేదు. తీరా సైట్ తెరిస్తే తెలుగు లేదు. అక్షరాలన్నీ పిచ్చిపిచ్చిగా ఉన్నాయి. థీమ్ మార్చాను, క్యాష్ తీసేశాను, మా అబ్బాయి ఫోన్లో కూడా చూశాను. అంతా అదే. మా అమ్మ చెబుతుంటే రాసుకున్న పచ్చళ్ళ కొలతలు దాంట్లోనే ఉన్నాయి, కాగితం మీద ఎక్కడా లేవు. తొందరగా చెప్పండి.

తార్నాక_కుర్రాడు (ఉదయం 6:15)
ఫాంటు ప్రాబ్లం అక్కా. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న అన్నీ ఫ్రీగానే ఉన్నాయి. థీమ్ సీఎస్ఎస్‌లో ఒకటి పెట్టేయండి. మండలి చదవడానికి బాగుంటుంది, రామభద్ర హెడ్డింగులకి. లైన్ హైట్ మాత్రం కనీసం 1.7 ఇవ్వండి. ఇంగ్లిష్ థీముల్లో తక్కువ ఉంటుంది, కింది వత్తులు తెగిపోతాయి. నేను ఒకసారి మూడు రోజులు దీనిమీదే కూర్చున్నా.

అచ్చతెలుగు (6:40)
ఫాంటు కాదు నాయనా, ఖతి. మనకు మాట లేదా? ఖతి, మూస, టపా, వ్యాఖ్య, లంకె. ఇవన్నీ తొలినాటి బ్లాగర్లు వాడి నిలబెట్టిన మాటలు. అడిగిన అమ్మాయి చక్కగా టపా అంది, చెప్పే నువ్వు లైన్ హైట్ అంటున్నావు.

రూట్_యూజర్ (7:02)
ఫాంటూ కాదు, ఖతీ కాదు.
పిచ్చిపిచ్చిగా అంటే? డబ్బాలా? ప్రశ్నార్థకాలా? ఇంగ్లిష్ ఎ మీద గీతలా? మూడూ వేరు వేరు జబ్బులు.

వంటింటి_కిటికీ (7:30)
చిన్న ఎ మీద ఏటవాలు గీత, పక్కన డిగ్రీ సున్న, తర్వాత ఏదో ఒకటి. మళ్ళీ అదే ఎ, ఈసారి కూడిక కింద గీత పెట్టిన గుర్తు. పేజీ నిండా ఇదే. మండలి పెట్టి చూశాను, మార్పు లేదు.

రూట్_యూజర్ (7:33)
అయితే బతికే ఉంది.

పాతకాపు (8:10)
ఆయన పొదుపుగా చెప్పింది కాస్త విడమరుస్తాను. డబ్బాలు కనిపిస్తే ఫాంటు లేదని. ప్రశ్నార్థకాలైతే డేటాయే పోయిందని, బ్యాకప్ తప్ప దారి లేదు. మీకు వచ్చినట్టు ఎ, డిగ్రీ కనిపిస్తే డేటా ఉంది, చదివేవాడు తప్పు చదువుతున్నాడు. అన్ని భాషల అక్షరాలనీ కంప్యూటర్లో దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే. దాన్ని ఇంగ్లిష్ లాంటి భాషలకి వాడే పాత లాటిన్ పట్టికలో చూస్తే గీత ఉన్న ఎ. రెండోది అచ్చులకీ హల్లులకీ డిగ్రీ, గుణింతాల్లో చాలావాటికి ఆ కూడిక-తీసివేత గుర్తు. పేజీ నిండా అవే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందా?

ఇంతకీ డేటాబేస్ ఎలా తెచ్చారు? మధ్యలో ఆ ఫైల్ తెరిచారా?

బ్లాగర్_బాబాయ్ (8:25)
అందుకే నేను బ్లాగర్ వదల్లేదు. 2007 నుంచీ అక్కడే. సర్వర్ లేదు, డేటాబేస్ లేదు, పైసా ఖర్చు లేదు. సొంత హోస్టింగ్ అంటే సొంత ఇల్లు కట్టుకున్నట్టే తల్లీ, మోటారు కాలినా మనమే, పైపు పగిలినా మనమే.

తార్నాక_కుర్రాడు (8:31)
బాబాయ్ గారూ, మీ బ్లాగర్లో తెలుగు హెడ్డింగ్ పెడితే లింకు ‘బ్లాగ్-పోస్ట్_12’ అని వస్తుంది కదా. ఏది ఏ పోస్టో మీకైనా తెలుస్తుందా?

బ్లాగర్_బాబాయ్ (8:38)
పబ్లిష్ చేసేముందు పక్కన పర్మాలింక్ దగ్గర ఇంగ్లిష్‌లో మనమే రాసుకోవచ్చు. చేతగాకపోతే బ్లాగర్ తప్పా?

అచ్చతెలుగు (8:50)
వర్డ్‌ప్రెస్‌లో మాత్రం ఏముంది? లంకెలో ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో కలిపి తొమ్మిది ఇంగ్లిష్ అక్షరాలవుతుంది. లంకె పట్టే గడి 200. అంటే ఇంచుమించు 22 గుర్తులు. గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడి లెక్క. ‘ఉసిరికాయ నిల్వపచ్చడి పెట్టే విధానం’ అని పెట్టి చూడండి, పెట్టే దాకా కూడా రాదు. ఈ సంగతి నేను ఎప్పటినుంచో చెబుతున్నాను, వినేవాళ్ళేరి?

వంటింటి_కిటికీ (10:45)
పిల్లల్ని పంపించి వచ్చాను. లింకులు బాగానే ఉన్నాయండీ, లోపలిదే సమస్య. పాత చోట డేటాబేస్ చూసుకునే పేజీ, అదే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కాను. అవును, ఫైల్ తెరిచాను. ఒక వీడియోలో లాటిన్1 అని ఎక్కడున్నా యూటీఎఫ్8ఎంబీ4 (యూటీఎఫ్-8కే డేటాబేస్‌లో పేరట) అని మార్చేయమన్నారు, మార్చాను. దాంతోపాటే పాత అడ్రస్ తీసి కొత్త అడ్రస్ పెట్టాను. ఇవి చెప్పాలనుకోలేదు, అందరూ చేసేదే కదా అని.

పొద్దున ‘పరీక్ష’ అని ఒక కొత్త టపా రాశాను. అది చక్కగా కనిపిస్తోంది!! పాతవే బాలేవు.

రూట్_యూజర్ (10:47)
ఇది రాత్రి 2:40కే చెప్పాల్సింది.

పాతకాపు (11:20)
దొరికింది. వర్డ్‌ప్రెస్ 2.2 వచ్చింది 2007లో. అంతకుముందు పెట్టిన బ్లాగుల టేబుళ్ళ మీద చాలావాటికి లాటిన్1 అనే చీటీ ఉండేది, లోపల నింపింది మాత్రం యూటీఎఫ్-8 తెలుగు. పసుపు డబ్బాలో కారం పోసి పెట్టుకున్నట్టు. ఇంట్లోవాళ్ళకి తెలుసు కనక ఇన్నేళ్ళూ గడిచిపోయింది. ఎక్స్‌పోర్ట్ చేసినవాడికి తెలీదు, చీటీ నమ్మి ఉన్నదాన్ని లాటిన్ అనుకుని మళ్ళీ యూటీఎఫ్-8 చేశాడు. రెండుసార్లు మారింది. పైగా మీరు చీటీలు కూడా మార్చారు. కొత్త టపా బాగుండటానికి కారణం అదే, ఇప్పటి డబ్బా సరైనదే.

తార్నాక_కుర్రాడు (11:26)
అందులో స్వీడిష్ అని కూడా ఉంటుంది, లాటిన్1_స్వీడిష్_సీఐ. హైదరాబాద్ బ్లాగుకి స్వీడిష్ ఏంటి సార్?

పాతకాపు (11:31)
మన డేటాబేస్‌ని నడిపే మైఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్‌లో. వాళ్ళ అక్షరక్రమం డిఫాల్ట్‌గా పెట్టుకున్నారు. 8.0 వచ్చేదాకా అదే నడిచింది.

వంటింటి_కిటికీ (11:50)
మీరు రాసేలోపు ఆన్‌లైన్ కన్వర్టర్ ఒకటి దొరికితే ఒక టపా దాంట్లో వేశాను. తెలుగు వచ్చింది కానీ కొమ్ములూ పొల్లులూ లేవు. పుస్తకం అని రాసుంటే ‘ప■స■తకం’. అమ్మ ‘అమ■మ’. మిగతావన్నీ బాగున్నాయి. ఏడుపొక్కటే తక్కువ.

పాతకాపు (12:15)
దాన్ని సేవ్ చేయకండి! విండోస్ లాటిన్ పట్టికలో ఐదు గడులు ఖాళీ, కంప్యూటర్ వాడే హెక్స్ అంకెల్లో చెప్పాలంటే: 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. మన కొమ్ము చివరి బైటు 81, పొల్లు చివరి బైటు 8డి. ఆ సైటు ఖాళీ గడి చూసి పారేసింది. ఏ, ఐ, ఝ కూడా పోతాయి, అవి తక్కువ కాబట్టి మీ కంట పడలేదు. మైఎస్‌క్యూఎల్ ఆ ఐదు గడుల్నీ వదలదు, అందుకని పని డేటాబేస్ లోపలే జరగాలి.

రూట్_యూజర్ (12:18)
పాత అకౌంట్ ఉందా? ఉంటే అక్కడ కమాండ్ లైన్లో మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ఆదేశం, లాటిన్1తో. పది నిమిషాల పని.

వంటింటి_కిటికీ (12:25)
నెలాఖరు దాకా ఉంది. కానీ ఆ నల్ల కిటికీ వాళ్ళు ఇవ్వరు.

పాతకాపు (12:50)
అయితే ఇక్కడే సరిచేద్దాం. ముందు ఇప్పుడున్నది ఉన్నట్టు బ్యాకప్ తీసుకోండి, చెడిందే అయినా సరే. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎస్‌క్యూఎల్ ట్యాబ్. రాయాల్సింది లోపలినుంచి బయటికి: టపా పాఠం ఉండే పోస్ట్_కంటెంట్‌ని కన్వర్ట్‌తో లాటిన్1కి, దాన్ని కాస్ట్‌తో బైనరీకి, దాన్ని మళ్ళీ కన్వర్ట్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి. మొదట డేటాని మార్చేసే అప్‌డేట్ వద్దు, ఊరికే చూపించే సెలెక్ట్‌తో ఒక్క టపా చూడండి. కొమ్ములతో సహా వస్తేనే అప్‌డేట్.

ఒక్కటి మరవకండి. చివర వేర్ అనే షరతు పెట్టి, మీ ‘పరీక్ష’ టపా ఐడీ కంటే తక్కువ ఉన్నవాటికే నడపాలి. ఐడీ ఎడిట్ పేజీ అడ్రస్‌లో కనిపిస్తుంది. బాగున్న తెలుగు మీద ఇది నడిపితే అది నిజంగానే ప్రశ్నార్థకాలవుతుంది, ఇక తిరిగి రాదు. శీర్షికలకీ, వ్యాఖ్యలకీ, వర్గాల పేర్లకీ విడిగా చెయ్యాలి. మీ కంగారులో రెండుసార్లు నొక్కకండి.

అచ్చతెలుగు (1:05)
బాగా చెప్పారు. అయితే ఇంత చర్చలో ఎన్‌కోడింగ్‌కి తెలుగు మాట ఒక్కరూ వాడలేదు. సంకేతలిపి అనవచ్చు.

రూట్_యూజర్ (1:07)
సంకేతలిపి అంటే గూఢచారులు రాసుకునేది.

అచ్చతెలుగు (1:20)
అది గూఢలిపి. రెండూ ఒకటి కావు.

బ్లాగర్_బాబాయ్ (1:24)
పాపం ఆ పిల్ల పచ్చడి మాగిపోతుంటే మీరు లిపి దగ్గరే ఉన్నారు. నేను మాత్రం ఒకటే అంటాను, బ్లాగర్‌కి వచ్చేయమ్మా.

తార్నాక_కుర్రాడు (1:40)
అక్కా, అడ్రస్ కూడా ఫైల్లో ఫైండ్-రీప్లేస్ చేశానన్నారు. సైడ్‌బార్ ఉందా? విడ్జెట్ల సెట్టింగుల్లో ప్రతి మాట ముందు దాని పొడవు ఎన్ని బైట్లో రాసి ఉంటుంది. అడ్రస్ పొడవు మారితే అంకె తప్పు, విడ్జెట్ మాయం. ఈసారి ఫాంటు అనట్లేదు చూడండి.

వంటింటి_కిటికీ (రాత్రి 9:55)
వచ్చింది!! ముందు ఆవకాయ టపా మీద చూశాను, కొమ్ములతో సహా. 640 వచ్చాయి. వ్యాఖ్యలు సగమే చేశాను, కరెంటు పోయింది. సైడ్‌బార్ లేదు, తమ్ముడు చెప్పినట్టే. చేత్తో పెట్టుకుంటాలే. థాంక్సండీ అందరికీ, నిద్ర వస్తోంది.

అచ్చతెలుగు (10:10)
సంతోషం. సైడ్‌బార్‌ని పక్కపట్టీ అంటే బాగుంటుంది.

కొత్తపేట_88 (మర్నాడు 11:30)
నాకూ సేమ్ ప్రాబ్లం. అక్షరాలు సరిగ్గా రావట్లేదు. ఏం చెయ్యాలి?

రూట్_యూజర్ (11:32)
సరిగ్గా అంటే?