ఆశానిగ్రహము: అణచడమా, పట్టడమా?

గ్రూపులో పెద్దలందరికీ నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా సంఘంలో సండే స్కూలు చెబుతాను. ఈ మే నెల వీబీఎస్‌లో, అంటే సెలవుల్లో పెట్టే బైబిలు బడిలో, పిల్లలకి కంఠత వాక్యంగా బైబిల్లోని గలతీ పత్రిక 5వ అధ్యాయం 22, 23 వచనాలు పెట్టేం. "ఆత్మ ఫలమేమనగా, ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము." మూడో తరగతి బాబు ఒకడు ఊపిరి తిప్పుకోకుండా ఎనిమిదీ చెప్పేసి, తొమ్మిదోది దగ్గరకొచ్చేసరికి "ఆశా విగ్రహము" అన్నాడు. పిల్లలంతా నవ్వేరు. వాడు నవ్వలేదు. "అయితే నిగ్రహం అంటే ఏటి టీచర్?" అని అడిగేడు.

"ఆశల్ని అణుచుకోవడం నాన్నా" అన్నాను.

"మరి పెద్దయ్యేక రైలు నడపాలని నాకు ఆశ. అది అణిచీయాలా?"

వాడికి ఏదో సర్దిచెప్పి ఇంటికొచ్చేను గానీ, నా జవాబు నాకే నచ్చలేదు. రాత్రి బైబిలు తీసి చూస్తే ఇంకో సంగతి కనపడింది. ఇక్కడ గ్రీకులో ఉన్న మాట ఎంక్రతేయ. అదే కుదురు నుంచి వచ్చిన మాటల్ని మన తెలుగు బైబిల్లో ఒక్కోచోట ఒక్కోలా తిప్పేరు. గలతీ పత్రికలోనూ, పేతురు రెండో పత్రిక 1:6లోనూ "ఆశానిగ్రహము". కొరింథీయుల మొదటి పత్రిక 9:25లో పందెంలో పోరాడేవాడు "అన్ని విషయములయందు మితముగా ఉండును". అదే పత్రిక 7:9లో పెళ్ళి మాట వచ్చినప్పుడు "మనస్సు నిలుపలేనియెడల". తిమోతి రెండో పత్రిక 3:3లో ఆ గుణం లేనివాళ్ళని "అజితేంద్రియులు" అన్నారు. మితంగా ఉండడం, మనసు నిలపడం, ఇంద్రియాల్ని జయించడం, ఆశని నిగ్రహించడం! ఇన్ని మాటల్లో ఒదిగిన గుణాన్ని నేను "అణుచుకోవడం" అనే ఒక్క మాటకి కుదించేసేను.

నా సందేహం ఇది. నిగ్రహం అంటే నిజంగా అణచడమేనా? మన ఊళ్ళలో దీనికి సాటి మాట ఏదైనా ఉందా?

విజయనగరం నుంచి, రిటైరైన సంస్కృతం మాస్టారు:

అమ్మా, ఆ పిల్లవాణ్ణి నా తరఫున మెచ్చుకోండి. వాడు తప్పులో కూడా చుట్టరికం పట్టుకున్నాడు. విగ్రహం, నిగ్రహం తోబుట్టువులే. రెండూ "గ్రహ" ధాతువు నుంచి పుట్టినవే. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దీని అర్థం "ఉపాదానే" అంటుంది, అంటే తీసుకోవడం, పట్టుకోవడం. ముందు చేరిన ఉపసర్గని బట్టి పట్టు తీరు మారుతుంది. అనుగ్రహం, సంగ్రహం, పరిగ్రహం, ఆగ్రహం. ఆగ్రహాన్ని మనం కోపం అనే అర్థంలోనే వాడుతున్నాం గానీ గాంధీగారి సత్యాగ్రహంలో ఉన్నది కోపం కాదు, వదలని పట్టు. పెళ్ళిలో పాణిగ్రహణం అంటే చెయ్యి పట్టుకోవడం. సూర్యుడికి గ్రహణం వస్తే మన ఊళ్ళో ఏమంటారు? "గ్రహణం పట్టింది" అంటారు. ఆ ధాతువుకి సరైన తెలుగు ఏమిటో ఏ వ్యాకరణమూ చదవని వాళ్ళకి కూడా తెలుసు.

"ఆశానిగ్రహము" సంస్కృత సమాసం, షష్ఠీ తత్పురుషం. ఆశ యొక్క నిగ్రహం. ఆశాపాశంలో లాగే ఇక్కడా "శా" దీర్ఘం నిలిచింది. నిగ్రహానికి దండించడం, అణచడం అనే అర్థాలూ ఉన్నాయి, లేవనను. "నిగ్రహానుగ్రహ సమర్థుడు" అన్నప్పుడు దండనే. కాని మనసు విషయంలో వాడినప్పుడు పట్టే ముఖ్యం. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు, మనసుని నిగ్రహించడం గాలిని నిగ్రహించడమంత కష్టం అంటాడు. దానికి కృష్ణుడి జవాబులో ఉన్న క్రియ "గృహ్యతే", అంటే పట్టుబడుతుంది. అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుంది. చచ్చిపోతుంది అనలేదు.

శ్రీకాకుళం నుంచి, డిగ్రీ విద్యార్థి:

నమస్తే టీచర్ గారూ. "ఆశానిగ్రహము" అంటే ఇప్పటివాళ్ళకి అర్థం కాదు. మా యూత్ మీటింగుల్లో "సెల్ఫ్ కంట్రోల్" అనేస్తున్నాం. తెలుగే కావాలంటే "ఆత్మనిగ్రహం" అని మార్చేస్తే తేలిక కదా? గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట మాకు దగ్గరే. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడిన గడ్డ మీద ఉండి మనం ఇంకా గ్రాంథికం మోస్తున్నాం అనిపిస్తుంది.

చీపురుపల్లి, మొదటి పోస్టు రాసినామె:

తమ్ముడూ, గిడుగు వారి మీద నీకున్న గౌరవం నాకూ ఉంది. పిల్లలకి వాళ్ళ మాటలోనే చెప్పాలి, అందుకేగా ఈ తంటా అంతా. కాని "ఆత్మనిగ్రహం" దగ్గర ఒక చిక్కుంది. బయట ఆత్మ అంటే "తాను". మన బైబిల్లో ఆత్మ అనగానే పరిశుద్ధాత్మ గుర్తొస్తాడు. ఈ వచనం మొదలే "ఆత్మ ఫలమేమనగా". ఆత్మ ఫలాల వరసలో చివరికి "ఆత్మనిగ్రహము" అంటే, ఏ ఆత్మని నిగ్రహించాలి? "ఆత్మను ఆర్పకుడి" అని థెస్సలొనీకయులకు రాసిన పౌలు, ఈ గలతీ పత్రిక రాసినాయనే, ఆత్మని అణచమని రాస్తాడా? తెలుగు చేసినవాళ్ళు ఆ ఇబ్బంది చూసే "ఆశ" ఎంచుకున్నారేమో అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట. బయట మనం ఆశ అంటే నమ్మకంతో ఎదురుచూడడం కూడా. బైబిల్లో ఆ పనికి "నిరీక్షణ" అనే వేరే మాట పెట్టేరు. "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ". అందుచేత అక్కడ ఆశ అంటే ఎక్కువగా కోరికే. ఆ కోరిక కూడా తప్పని కాదు. లూకా 22:15లో ప్రభువే శిష్యులతో పస్కా భోజనం చెయ్యాలని "మిక్కిలి ఆశపడితిని" అన్నాడు. గలతీ 5:24లో సిలువ వేసిన "దురాశలు" అన్నచోటా గ్రీకులో అదే కుదురు మాట. ఒకచోట ఆశ, ఇంకోచోట దురాశ. తేడా కోరికలో కన్నా దాని పగ్గం ఎవరి చేతిలో ఉందన్నదాంట్లో ఉంది. మా బాబు రైలు ఎందుకు అణిచీయాలి చెప్పు?

నెల్లిమర్ల దగ్గర నుంచి, ఒకప్పటి వెయిట్ లిఫ్టర్:

నేను చర్చికి వెళ్ళేవాణ్ణి కాదు, కాని "పందెమందు పోరాడు ప్రతివాడు మితముగా ఉండును" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మా చుట్టుపక్కల, ముఖ్యంగా కొండవెలగాడలో, పిల్లలు బడి సంచితో పాటు బార్ కూడా ఎత్తుతూ పెరుగుతారు. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఎత్తిన 240 అందరికీ గుర్తుంటుంది. ఆ 69 వెనకాల ఏముందో ఆడినవాడికే తెలుస్తుంది. తూకంలో వంద గ్రాములు ఎక్కువొచ్చినా ఆ విభాగంలో ఎత్తనివ్వరు. అందరూ పండక్కి అరిసెలు తింటుంటే మేం పక్కన కూర్చుని చూసేవాళ్ళం. అరిసె మీద కోపమా? లేదు. దానికన్నా కావలసింది ఇంకోటుంది, అంతే.

"పట్టు" అన్నారు కనక చెబుతున్నా. కొత్తగా వచ్చిన కుర్రాడికి మా కోచ్ మొదట నేర్పేది బలం కాదు, పట్టే. బొటనవేలు బార్‌కి ఆనించి, దాని మీద వేళ్ళు మూసి పట్టాలి. మొదట్లో వేలు ప్రాణం తీస్తుంది. ఆ పట్టు కుదరకపోతే నడుంలో ఎంత బలం ఉన్నా బార్ జారిపోతుంది.

చీపురుపల్లి:

అన్నయ్యా, మీరు చర్చికి రాకుండానే నాకు ప్రసంగం ఇచ్చేరు. పౌలు ఆ మాట రాసింది కొరింథు వాళ్ళకి. ఆ ఊరి దగ్గరే రెండేళ్ళకోసారి ఇస్త్మియా పందాలు జరిగేవి. గెలిచినవాడికి దక్కేది ఆకుల కిరీటం. అందుకే "వారు క్షయమగు కిరీటమును" అన్నాడు. వాడిపోయే ఆకుల కోసమే అంత మితం పాటించేవాళ్ళని ఆ ఊరివాళ్ళు కళ్ళారా చూసేరు.

గ్రీకు మాట కూడా మీ కోచ్ పక్షమే. "ఎన్" అంటే లోపల, "క్రతోస్" అంటే బలం, ఏలుబడి. దాంతో చుట్టరికమున్న క్రియ "క్రతేయో"కి పట్టుకోవడం అనే అర్థం. మార్కు 5:41లో యాయీరు కూతురు చచ్చి పడుంటే ప్రభువు "ఆ చిన్నదాని చెయిపట్టి" లేవమంటాడు. ఆ పట్టడానికి వాడిన క్రియ అదే. ఇది చూసినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నిగ్రహం అనగానే నాకు ఇన్నాళ్ళూ పీక నొక్కే చెయ్యి కనపడేది. అదే కుదురు మాట ఒక చచ్చిన పిల్లని చెయ్యి పట్టి లేపుతోంది.

పలాస నుంచి, ఒక గృహిణి:

సాటి మాటలు అడిగేరు కదమ్మా. మా అత్తగారు మూడు మాటలు వాడేవారు, మూడూ వేరు. ఊపిరినో ఏడుపునో ఆపితే "బిగబట్టడం". కోపం వచ్చి కూడా నోరు జారకుండా చూసుకుంటే "ఉగ్గబట్టుకోవడం". ఈ రెండూ కాసేపటికే. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడో, అప్పులోళ్ళు గుమ్మంలో కూర్చున్నప్పుడో, "మనసు సిక్కబట్టుకో అమ్మా" అనేవారు. చిక్కబట్టుకోవడం అంటే చెదిరిపోతున్నదాన్ని దగ్గరకి లాక్కుని వదలకుండా ఉండడం. మీ ఆశానిగ్రహానికి ఇదే దగ్గర అనిపిస్తోంది. మొదటి రెండింటినీ నిగ్రహం అనుకునే మనం ఓడిపోతాం. ఊపిరి ఎంతసేపని బిగబడతాం? వదిలేసరికి రెట్టింపు వస్తుంది.

విజయనగరం మాస్టారు:

పలాస అమ్మగారి మాటకి చెయ్యెత్తి దణ్ణం పెడుతున్నాను. మూడింటిలోనూ "పట్టు" ఉంది చూశారా? బిగ-పట్టు, ఉగ్గ-పట్టు, చిక్క-పట్టు. సంస్కృతం ఉపసర్గలతో చేసిన పనిని తెలుగు తన పద్ధతిలో చేసుకుంది.

చీపురుపల్లి:

పలాస వదినగారూ, మీ అత్తగారి మూడో మాట నేను అట్టిపెట్టుకుంటాను. సామెతలు 25:28లో "ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడును అంతే" అని ఉంది. మాట "అణచు" అయినా పోలిక గోడది. గోడ ఊరిని చంపదు. లోపలిది చెదిరిపోకుండా చుట్టూ నిలబడుతుంది. అది చిక్కబట్టడమే.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. మా చిన్నప్పుడు నాన్న తాగేవాడు. కూలి డబ్బులు ఇంటికి చేరేవి కావు. ఎన్ని ఒట్లు పెట్టుకున్నాడో, అన్నీ తీసి గట్టు మీద పెట్టేవాడు. ఒట్టు పెట్టిన నాలుగు రోజులూ పళ్ళు బిగించి ఉండేవాడు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో మాకు భయం ఎక్కువ. అది బిగబట్టడం అని ఇప్పుడు తెలుస్తోంది.

తర్వాత సంఘంలోకి వచ్చేడు. వచ్చినరోజే మానేశాడని చెప్పను, అది నిజం కాదు. మా సంఘ పెద్ద ఒకాయన ఏడాది పాటు రోజూ సాయంత్రం పొలం దగ్గరకెళ్ళి నాన్నని ఇంటిదాకా నడిపించుకొచ్చేవారు. కొట్టు ఉన్న రోడ్డు మీద నుంచి కాదు, చెరువుగట్టు మీంచి, చుట్టు తిరిగి. కూలి డబ్బులు నాన్న చేతికి రాకుండా అమ్మకే ఇచ్చేలా మాట్లాడేరు. "యౌవనేచ్ఛలనుండి పారిపొమ్ము" అని తిమోతికి రాసిన మాటని ఆయన మా నాన్నకి అలా చేసి చూపించేరు. రెండుసార్లు నాన్న తప్పించుకుని వెళ్ళి తాగొచ్చేడు. మర్నాడు సాయంత్రం ఆయన ఏమీ అనకుండా మళ్ళీ పొలం గట్టు మీద నిలబడ్డారు.

పెద్దయ్యేక నేనొకసారి "నాన్నా, ఎలా ఒగ్గీసినావు?" అని అడిగేను. "నాను ఒగ్గీసినానని అనకే అమ్మా. నాను సేయి ఇడిసీసినా ఆయన ఇడవనేదు" అన్నాడు. సంఘ పెద్దగారి గురించి చెబుతున్నాడా, దేవుడి గురించా అని నేను అడగలేదు. రెండూ అయ్యుంటాయి.

ఫిలిప్పీ పత్రిక 3:12 చదివినప్పుడల్లా నాకు ఆ చెరువుగట్టే కనపడుతుంది. "నేను దేని నిమిత్తము క్రీస్తు యేసుచేత పట్టబడితినో దానిని పట్టుకొనవలెనని పరుగెత్తుచున్నాను." ముందు పట్టబడడం, తర్వాత పట్టుకోవడం. గలతీలో దాన్ని "ఫలము" అన్నది ఇందుకే అనుకుంటాను. పై వచనాల్లో చెడ్డవాటిని "శరీర కార్యములు" అని బహువచనంలో చెప్పి, వీటిని మాత్రం "ఫలము" అని ఏకవచనంలో ఉంచేడు. కార్యం మనం చేసేది, ఫలం కాసేది. అలాగని చేతులు ముడుచుకు కూర్చోమనీ కాదు. పేతురు అదే గుణాన్ని "పూర్ణజాగ్రత్తగలవారై" అమర్చుకోమన్నాడు. చెరువుగట్టు దారి నడిచింది మా నాన్న కాళ్ళే.

శ్రీకాకుళం విద్యార్థి:

టీచర్ గారూ, "ఆత్మనిగ్రహం" ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. ఫోను విషయంలో నేను చేస్తున్నది బిగబట్టడమే అని ఇప్పుడు తెలిసింది. అపొస్తలుల కార్యాలు 24లో పౌలుని విచారించిన రోమా అధిపతి ఫేలిక్సు కూడా "ఆశానిగ్రహమునుగూర్చి" విని భయపడ్డాడు కదా, మరి మారలేదేం?

చీపురుపల్లి:

మంచి చోట పట్టుకున్నావు తమ్ముడూ. భయపడ్డాడు, "ఇప్పటికి వెళ్లుము" అని పంపేశాడు. తర్వాతి వచనంలోనే పౌలు దగ్గర డబ్బు వస్తుందని కాచుకుని కూర్చున్నాడు. ఆశానిగ్రహం గురించి చెప్పినవాడి దగ్గరే లంచానికి ఆశపడ్డాడు. భయం కాసేపు బిగబట్టిస్తుంది, అంతే. ఫోను సంగతికి మాత్రం నా సలహా ఒకటి. రాత్రి దాన్ని మీ అమ్మగారి గదిలో పెట్టెయ్. అది నీ చెరువుగట్టు దారి.

మొన్న ఆదివారం క్లాసులో బోర్డు మీద "నిగ్రహము = పట్టు" అని రాసేను. మా బాబుని లేపి, "నీ రైలు ఆశ ఉంచుకో నాన్నా. రైలుకి బ్రేకు ఎందుకుంటుంది?" అని అడిగేను. "స్టేషన్లో ఆగడానికి" అన్నాడు. కొంచెం ఆలోచించి, "బ్రేకు లేకపోతే అసలు బయల్దేరనివ్వరు టీచర్" అన్నాడు.

మాస్టారూ, వచ్చే వారం "సాత్వికము" దగ్గరకి వెళ్తున్నాం. మన బైబిల్లో ఆ మాటకీ, సత్త్వగుణానికీ ఎంత దూరమో వీలైతే చెప్పండి.