తెలుగు కాగితం చదివి వినిపించే పెట్టె: సొంత బోర్డు కట్టాలా, ఫోన్ చాలదా?

సోల్డర్‌రాజు: మా నాన్నకి చూపు బాగా తగ్గింది. రాస్‌ప్‌బెరీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, ఫొటోలో అక్షరాలు గుర్తుపట్టే టెసరాక్ట్ సాఫ్ట్‌వేర్ పెట్టి చదివే పెట్టె కడుతున్నా, ఒకటే బటన్. బటన్‌కీ బ్యాటరీకీ బోర్డు నేనే గీస్తున్నా. ఏమంటారు?

గట్టుమీదకాకి: ఎందుకన్నా ఈ తిప్పలు, ఫోన్లో యాప్ ఉందిగా. నీ జీరో 2 బోర్డు ర్యామ్ 512 ఎంబీ, పేజీ చదివేలోపు టీ తాగి రావచ్చు.

చిప్‌పిచ్చి: ఎఫ్‌పీజీఏ మీద చేయండి బ్రో, లోపలి సర్క్యూట్ మనకి కావాల్సినట్టు మార్చుకునే చిప్ అది

సోల్డర్‌రాజు: ఒక్క పెట్టెకి ఎఫ్‌పీజీఏనా! కాకీ, నాన్నకి ఫోన్లో వేలు ఎక్కడ పెట్టాలో తెలీదు, మధ్యలో కాల్ వస్తే మళ్ళీ మొదటికే.

లెన్స్‌లక్ష్మి: ముందు కెమెరా తేల్చండి. ఏ4 కాగితం 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో కావాలంటే 2480 × 3508 పిక్సెళ్ళు. రాస్‌ప్‌బెరీ పై వాళ్ళ కెమెరా మాడ్యూల్ 2 ఇచ్చేది 3280 × 2464, రెండు వైపులా కొంచెం తక్కువే, పైగా ఆటోఫోకస్ లేదు. మాడ్యూల్ 3లో ఉంది. కాస్త మసకైతే మన వత్తులే ముందు ఎగిరిపోతాయి, అక్క కాస్తా అక అవుతుంది. ఎల్‌ఈడీ నెత్తిమీద పెట్టకండి, నున్నటి కాగితం మీద తెల్లమచ్చ పడుతుంది.

గట్టుమీదకాకి: మా బాబాయ్ ఇలాంటి మెషీనే వేలు పోసి కొన్నాడు, చెడిపోతే బాగుచేసే దిక్కు లేదు, అటకెక్కింది. నీది చెడితే ఎవరు చూస్తారు? నువ్వా ఊళ్ళోనే ఉండవు.

సోల్డర్‌రాజు: మా ఇంటి సంగతి నీకెందుకు?

చీకటివెలుగు: నాకు పుట్టుకతో చూపు లేదు. తెర మీదది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తోనే ఫోన్లో టైప్ చేస్తున్నా, ఫోన్ వాడటం మాకు రాదనకండి. కానీ బ్యాంకు ఉత్తరం పక్కింటి అబ్బాయితో చదివిస్తే నా అప్పు సంగతి సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది, కొన్ని యాప్‌లేమో ఫొటో ఎక్కడికో పంపుతాయి. అందుకే నెట్ లేకుండా చదివేది కావాలి, అది పెట్టెలో ఉన్నా ఫోన్లో ఉన్నా సరే. కాగితం తిరగేసి పెడితే బీప్ కొట్టాలి. రాజుగారూ, మీ నాన్నగారికి ఏం కావాలో అడిగారా?

సోల్డర్‌రాజు: అడగలేదండీ. నిజానికి రోజూ ఫోన్ చేసి పేపరు చదివి వినిపించమంటాడు, నాకు కుదరట్లేదు.

గట్టుమీదకాకి: అదీ సంగతి. నాన్న అడిగేది పేపరు కోసమేనా?

సోల్డర్‌రాజు: ఆదివారం వెళ్తున్నాలే, అడుగుతా.

లెన్స్‌లక్ష్మి: ఎల్‌ఈడీలు మాత్రం పక్కల నుంచే.