కంట్రీ పాట మిక్స్ చేశాను, గొంతు మునిగిపోతోంది. చెవులున్నవాళ్లు ఓసారి వినండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్తే. మన నౌపడ–గుణుపురం చిన్న రైలు మీద పాట రాసుకుని, అమెరికా వాళ్ల కంట్రీ బాణీలో పాడి, మిక్స్ కూడా నేనే చేశాను. మూడు వారాలుగా ఇదే పని, ఇంట్లో పల్లవి మొదలవగానే అమ్మ వంటింటి తలుపు వేసేసుకుంటోంది. నా దగ్గర ఉన్నది రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), ఒక కండెన్సర్ మైకు, అకూస్టిక్ గిటారు, తమ్ముడి బేసు గిటారు. పెడల్ స్టీల్ (కంట్రీ పాటల్లో జారుతూ ఏడ్చినట్టు మోగే గిటారు) మాత్రం కీబోర్డు టోను. రీపర్ సాఫ్ట్‌వేర్‌లో చేశాను, స్పీకర్లు లేవు, అంతా హెడ్‌ఫోన్స్ మీదే.
బాధలు ఇవి. గొంతు గిటారు కింద మునిగిపోతోంది, పెంచితే పాట మీద అతికించినట్టు ఉంటోంది. ఫోనులో వింటే బేసు మాయం, గిటారు డొల్ల. ఇంకోటి, పాట పొడుగునా వెనకాల సన్నగా టక్ టక్ అని వస్తోంది, ఏ ట్రాకులో ఉందో దొరకడం లేదు. మొహమాటం లేకుండా చెప్పండి.

ఆరు తీగలు (రాయగడ)
విన్నాను తమ్ముడూ. గొంతు సంగతి తర్వాత, ముందు గిటారు. ఒకే టేకుని కాపీ చేసి ఎడమకొకటి కుడికొకటి పెట్టి, ఒకదాన్ని కాస్త వెనక్కి జరిపావు కదా? ఆ పని నేనూ రెండేళ్లు చేశాను కాబట్టి వినగానే తెలిసిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా విచ్చుకుంటుంది, ఫోనులో రెండూ కలిసి మోనో అయ్యేసరికి ఒకదాన్నొకటి తినేస్తాయి. నీ డొల్లతనం అదే. కూర్చుని రెండోసారి నిజంగా వాయించు. చేతులు అచ్చం ఒకేలా పడవు, ఆ తేడాయే నీకు కావలసింది. మైకు పన్నెండో మెట్టు వైపు జానెడు దూరంలో పెట్టు, చాలామంది చేసినట్టు సౌండ్ హోల్ ఎదురుగా కాదు, అక్కడంతా బుంగలోంచి వచ్చినట్టు శబ్దమే.

డెసిబెల్ దొర (బరంపురం)
22 ఏళ్లుగా ఈ లైనులో ఉన్నా. పెళ్లి ఆర్కెస్ట్రాలు, దసరా స్టేజీలు, పది వేల మంది జనం ముందు మిక్సర్ తిప్పినవాణ్ని. మీ బెడ్‌రూమ్ సలహాలు తర్వాత ఇచ్చుకోండి. గొంతు మునగడానికి కారణం 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర గిటారు, బేసు, గొంతు ముగ్గురూ ఒకే మంచం మీద పడుకున్నారు. గిటారుని 100 కింద కోసెయ్, 250 దగ్గర మూడు డీబీ తగ్గించు, గొంతుకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డీబీ ఎత్తు. కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సర్దేది) 3:1 చాలు. వాల్యూమ్ ఫేడర్ ముట్టుకోకుండానే గొంతు బయటికొస్తుంది.
ఇక అసలు రోగం ఉచ్చారణ. "సూడే సిన్న రైలొచ్చె, సీకటేలకి ఊరొచ్చె" అంటే ప్రతి స చెవిలో సూదిలా దిగుతోంది. శుభ్రంగా చూడే, చిన్న, చీకటి అని పాడితే డీ-ఎస్సర్ (స ల బుస తగ్గించేది) అవసరమే ఉండదు.

గుణుపురం గువ్వ
శుభ్రంగా అంటే ఏటండీ? మా అమ్మమ్మ సూడు అనే అంది, సిన్నది అనే అంది. ఆవిడ నోరు అశుభ్రమా?

డెసిబెల్ దొర (బరంపురం)
మేడమ్, నేను ఫ్రీక్వెన్సీ గురించి మాట్లాడుతున్నా, మీ అమ్మమ్మ గారి గురించి కాదు. చ అంటే నాలుక గాలిని ఆపి వదులుతుంది, చిన్న దెబ్బలా వచ్చి పోతుంది. స అంటే గాలి ఆగకుండా బుసకొడుతుంది. 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య ఆ బుస పేరుకుంటే శ్రోత పారిపోతాడు. ఇది సైన్సు.

గుణుపురం గువ్వ
సైన్సు నాకూ తెలుసు, పదిహేనేళ్లుగా భజన బృందంలో మైకు ముందే ఉన్నా. బుస ఎక్కువైతే మైకుని నోటికి కాస్త పక్కకి తిప్పాలి, లేదా ఆ ఒక్కో అక్షరం దగ్గర వాల్యూమ్ చేత్తో తగ్గించుకోవాలి. పాటలో మాట మార్చమనడం సౌండు వాళ్ల పని కాదు. పైగా ఏ ఊరి పాట అండీ ఇది? గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన పర్లాకిమిడి. జనం మాట్లాడేదే రాయాలని పండితులతో జన్మంతా పోరాడినాయన. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అని స్టేటస్‌లు పెట్టుకుని, 30న సూడు అన్నవాణ్ని చూసి నవ్వుతారు.

కాఫీ తోట (కొరాపుట్)
గువ్వ గారికి వంద లైకులు.

మ్యూట్ బటన్
గిడుగు గారు డీ-ఎస్సర్ వద్దని ఎక్కడన్నా రాశారా?

డెసిబెల్ దొర (బరంపురం)
ఇదీ మన ఫోరం. కుర్రాడు మిక్స్ అడిగితే భాషోద్యమం నడుపుతున్నారు. యాస ఉంచుకోండి, ఎవరు కాదన్నారు, కానీ అమెరికా సంగీతానికి ఈ యాస ఎలా అతుకుతుంది? కంట్రీ అంటే కంట్రీలా ఉండాలి.

ఆరు తీగలు (రాయగడ)
దొర గారూ, అక్కడే పప్పులో కాలేశారు. కంట్రీ పుట్టిందే యాసలోంచి. 1927లో అమెరికాలోని బ్రిస్టల్ ఊళ్లో రికార్డింగ్ పెట్టినప్పుడు వచ్చి పాడినవాళ్లు కొండ ఊళ్ల జనం. అందులో జిమ్మీ రోడ్జర్స్ రైల్లో బ్రేక్‌మన్ ఉద్యోగం చేసినవాడు. వాళ్లని ఎవరూ పట్నం ఇంగ్లీషులో పాడమనలేదు. రైలు, కొండ, యాస, మూడూ ఈ కుర్రాడి పాటలో ఉన్నాయి. నన్నడిగితే లేనిది ఒక్కటే, సరైన స్టీల్. ఆ కీబోర్డు స్టీల్ మాత్రం దయచేసి తీసెయ్ తమ్ముడూ, పిల్లి తోక తొక్కినట్టుంది. నిజం పెడల్ స్టీల్ మన వైపు దొరకదు. మామూలు గిటారునే ఓపెన్ ట్యూనింగ్‌లో (తీగలన్నీ వట్టిగా మీటితేనే ఒక కార్డు పలికేట్టు) పెట్టి గాజు స్లైడుతో జారించు, వాల్యూమ్ నాబ్ చిటికెన వేలితో తిప్పుతూ ఉంటే ఆ ఏడుపు దానంతటదే వస్తుంది.

పాత ఇంజను (పర్లాకిమిడి)
సంగీతం నాకు తెలీదు. రెండో చరణంలో "మీటరుగేజి పట్టాలెంట" అన్నావు నాయనా, గుండె కలుక్కుమంది. మనది మీటరుగేజి ఎప్పుడయింది? నేరోగేజి, 2 అడుగుల 6 అంగుళాలు. రాజావారి హయాంలో 1900లో నౌపడ నుంచి మన ఊరిదాకా వేశారు, గుణుపురం దాకా తర్వాత పొడిగించారు. 2004లో ఆ రైలు ఆగింది. ఇప్పుడు తిరిగేది పెద్ద లైను, దానికి ఏ పాటా అక్కర్లేదు. ఇంకోటి, మొదట్లో పెట్టిన కూత మన ఇంజనుది కాదు. అది ఏదో పరదేశపు పెద్ద రైలు, అయిదు గొంతులు కలిసి అరుస్తోంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
గేజి తప్పుకి క్షమించండి బాబాయ్, ప్రాస కోసం పెట్టాను, మారుస్తాను. కూత నెట్‌లో ఉచితంగా దొరికింది.
దొర గారూ, 250 దగ్గర తగ్గించాక నిజంగానే గొంతు బయటపడింది, థాంక్యూ. బేసు సంగతి ఎవరైనా చెబుతారా? ఆ టక్ టక్ కూడా.

గోదారి గట్టు (సిరొంచ)
బేసు: ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ కిందకి దాదాపు మూగది. బేసు గిటారు లావు తీగ 41 హెర్ట్జ్. ఎంత పెంచినా ఫోనులో రాదు, కారులో మాత్రం అద్దాలు అదురుతాయి. బేసుకి కొంచెం శాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసేది) వెయ్యి, పై స్వరాలు పుడతాయి, చెవి కింది స్వరాన్ని ఊహించుకుంటుంది.
మా దగ్గర అసలు సమస్య కరెంటు హమ్. సన్నగా మ్ అని 50 హెర్ట్జ్, దాని వెంట 100, 150. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇళ్లే ఎక్కువ. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డ్ చేస్తే సగం పోయింది నాకు. ఒకసారి మొత్తం పాట హమ్‌తోనే వెళ్లిపోయింది, మిక్స్ చేసిచ్చినాయన (పేరెందుకు) డబ్బులు తీసుకుని కనీసం చెప్పలేదు.

కాఫీ తోట (కొరాపుట్)
ఆ టక్ టక్ తియ్యొద్దు ప్లీజ్. పాట మొత్తంలో నాకు నచ్చింది అదే. రైలు చక్రాలు పట్టాల అతుకుల మీద పడ్డట్టు ఉంది. డ్రమ్ములు లేని లోటు అదే తీర్చింది. కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కూడా డ్రమ్మర్ లేనప్పుడు గిటారు తీగల మధ్య కాగితం దూర్చి ఇలాంటి చప్పుడే రాబట్టాడు. నువ్వు ఏం దూర్చావో చెప్పు.

డెసిబెల్ దొర (బరంపురం)
ఎక్కడిదో దొరకడం లేదని అతనే అంటున్నాడు కదండీ, చదవరా? అది క్లాక్ ఎర్రర్. ఇంటర్‌ఫేస్ శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్‌లో ఉండి ప్రాజెక్టు 44.1లో ఉంటే టిక్కులు వస్తాయి. వందసార్లు చూశా. రాసి పెట్టుకోండి.

ఆరు తీగలు (రాయగడ)
క్లాక్ ఎర్రర్ తాళంలో రాదు దొర గారూ. ఇది తాళంలో ఉంది.

డెసిబెల్ దొర (బరంపురం)
మీరు రాయగడలో ఎన్ని షోలు చేశారో కాస్త చెబుతారా?

గుణుపురం గువ్వ
ఇప్పుడు షోల లెక్కలు మొదలయ్యాయి. అబ్బాయ్, చివర్లో గొంతు పగలగొట్టినట్టు పెద్దగా చేశావెందుకు? తలనొప్పి వచ్చింది.

మ్యూట్ బటన్
లిమిటర్‌ని (శబ్దం హద్దు దాటకుండా ఆపేదాన్ని) నొక్కి చంపాడు. యూట్యూబ్ ఎలాగూ మైనస్ 14 లఫ్స్‌కి (పాట ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) దించేస్తుంది బ్రో. గట్టిగా చేసి లాభం లేదు, ప్రాణం పోవడమే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
రెండో మిక్స్ పెట్టాను. గిటారు రెండుసార్లు వాయించాను, వేళ్లు వాచాయి. కీబోర్డు స్టీల్ తీసేసి తమ్ముడి దగ్గర గాజు సీసా మెడ ఒకటుంటే దానితో జారించాను, శ్రుతి కొంచెం అటూ ఇటూ ఉంది. లిమిటర్ సగానికి తగ్గింది. "నేరోగేజి పట్టాలెంట" అయింది, ప్రాస పోయింది. స లు అలాగే ఉంచాను, మైకు మాత్రం చెంప వైపు తిప్పి మళ్లీ పాడాను.
టక్ టక్ దొరికింది. గొంతు ట్రాకు ఒక్కటే సోలో పెట్టి వింటుంటే అమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "అది మన ఫ్యానే కదురా" అంది. ఉక్కకి తట్టుకోలేక పాడేటప్పుడు రెండో నంబరు మీద పెట్టుకున్నాను. దాని గొట్టం దగ్గర మేకు వదులైంది.

కాఫీ తోట (కొరాపుట్)
ఫ్యానా!! తాళానికి ఎలా కలిసిందయ్యా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
క్లిక్ (తాళం చూపే టిక్కు) పెట్టుకోకుండా పాడాను. చెవిలో అదే ఉండి దానికే పాడేసినట్టున్నాను. రెండో చరణం దగ్గర వోల్టేజి పడిపోయింది, వింటే పాట కూడా అక్కడ నెమ్మదిస్తుంది.

పాత ఇంజను (పర్లాకిమిడి)
అక్కడ గట్టు ఎక్కుతోంది అనుకున్నాను నేను. మేకు బిగించకు.

డెసిబెల్ దొర (బరంపురం)
ఫ్యాను ట్రాకు విడిగా పంపు. 400 కింద కోసి చూస్తాను.