కరిగిపోయే కళకు ఫోటో ఎందుకు?

గులకరాయి: స్కాట్లండ్‌లోని పెన్‌పాంట్ అనే పల్లెలో ఉండే ఆండీ గోల్డ్స్‌వర్తీ రాలిన ఆకులతో, ముళ్లతో, మంచుకడ్డీలతో శిల్పాలు చేస్తారు. గాలికో ఎండకో అవి పోతాయి. కాని పోయేలోపే ఫోటో తీస్తారు. ఆ ఫోటోలు గ్యాలరీ గోడలెక్కుతాయి, పుస్తకాలవుతాయి. ఇక అశాశ్వతమన్న గొప్ప దేనికి? నా లెక్కలో ఆయన ఫోటోగ్రాఫరే. కాదనేవారు చెప్పండి.

చెరువుగట్టు: అన్యాయమండీ. చినుకు మొదలవగానే ఆయన నేల మీద పడుకుంటారు. చుట్టూ తడిశాక లేస్తే, ఆయన ఆకారంలో పొడి నేల కనిపిస్తుంది. వాన ఆగకపోతే కాసేపట్లో అదీ తడిసిపోతుంది. ఫోటో లేకపోతే ఈ సంగతి మనకు తెలిసేదా? బ్రిటిష్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ 1967లో పచ్చికలో అటూ ఇటూ నడిచి వేసిన గీత కూడా ఫోటోగానే మిగిలింది. నడకే కళ, ఫోటో సాక్ష్యం.

గులకరాయి: సాక్ష్యాన్ని ఫ్రేము కట్టి అమ్మరు కదా!

పెరటిచెట్టు: 2000 జూన్ 21న గోల్డ్స్‌వర్తీ లండన్ వీధుల్లో 13 పెద్ద మంచు బంతులు పెట్టించారు. ఒక్కొక్కటి దాదాపు టన్ను. కరిగేకొద్దీ లోపలినుంచి గొర్రె ఉన్ని, కాకి ఈకలు, ముళ్లతీగ బయటపడ్డాయి. ఆ దారిన పోయేవారికి దొరికిన చల్లదనం ఏ ఫోటోలో ఉంది?

చెరువుగట్టు: నాకు నచ్చనిది సరిగ్గా అదే. ఆ మంచు స్కాట్లండ్‌లో చలికాలంలో పోగుచేసి, వేసవి దాకా శీతల గిడ్డంగిలో దాచినది. కరెంటు పెట్టి చలికాలాన్ని ఆపడంకన్నా ఫోటో నయం.

ముగ్గుపిండి: మన వాకిట్లో బియ్యప్పిండి ముగ్గును చీమలు తింటాయి, సైకిళ్లు తొక్కుతాయి. మర్నాడు ఊడ్చి మళ్లీ వేస్తాం. పేరూ ఉండదు, ఫోటో అవసరమూ లేదు. (పోటీ ముగ్గుల సంగతి వేరు, అక్కడ ఫోనులే ముందు!) అయినా ఆ కొలత ఆయనకు పెట్టకండి. ముగ్గును చూడటానికి వీధి ఉంది. వాగు పక్కన చేసిన పనిని ఎవరు చూస్తారు? ఆయనకు ఫోటోయే వీధి.

గులకరాయి: వీధి అన్నారు, ఒప్పుకున్నాను. కాని మన వీధి ముగ్గును చూడటమే కాదు, తొక్కుతుంది కూడా. ఆ ఫోటోలకూ గడువు పెట్టి చింపేయమనండి, అప్పుడు నమ్ముతాను.