నెదర్లాండ్స్‌లో ఉన్నవాళ్లు చెప్పండి: డిఫెన్స్ డబ్బు దేనిలో కోసి తెస్తారు?

ఐందోవెన్‌లో ఉంటున్నాను, లంచ్‌లో డచ్ కొలీగ్స్‌తో రోజూ ఇదే వాదన. 2025 జూన్‌లో హేగ్ సమావేశంలో నాటో దేశాలు 2035 కల్లా జీడీపీలో 5 శాతం రక్షణకి పెడతామన్నాయి కదా, మరి ఆ డబ్బెక్కడిది?

ఒకాయన ఏఓడబ్ల్యూ (ఇక్కడ ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పెన్షన్) తగ్గించాలంటాడు. అది మొదలయ్యే వయసు ఇప్పటికే 67, 2028లో ఇంకో 3 నెలలు పెరుగుతోంది, ఇంకెంత లాగుతారండీ? ఇంకొకామె హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఏటా ముందు మన జేబులోంచి పోయే 385 యూరోలు పెంచితే చాలంటుంది, తక్కువ జీతగాళ్ల సంగతేంటంటే ప్రభుత్వం ఇచ్చే అలవెన్స్ ఉందిగా అంటుంది. వేలమంది తల్లిదండ్రుల మీద తప్పుగా మోసం ముద్ర వేసిన చైల్డ్‌కేర్ అలవెన్సుల గొడవలో 2021 జనవరిలో ప్రభుత్వమే దిగిపోయింది, ఆ పద్ధతి మీద నాకైతే నమ్మకం లేదు.

అసలు హోమ్ లోన్ వడ్డీ మీద ఇచ్చే పన్ను మినహాయింపు తగ్గించవచ్చు కదా? మా టేబుల్ దగ్గర దాని ఊసే ఎవరూ ఎత్తరు (అందరికీ సొంతిళ్లే లెండి).

ఎన్నికల ముందు సీపీబీ (ప్రభుత్వ ఆర్థిక విశ్లేషణ సంస్థ) పార్టీల మేనిఫెస్టోలకి లెక్కలు కడుతుంది కదా, అందులో ఈ మినహాయింపు తగ్గిస్తే ఎంత మిగులుతుందో ఎక్కడ చూడాలి? డచ్ బాగా చదవగలిగినవాళ్లు, ఇక్కడ ఓటు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.