కెరీర్ కాలేజీ గ్రాడ్యుయేషన్ రేటును ఎంతవరకు నమ్మాలి?

అమెరికాలో ఉంటున్నాం. మా చెల్లి ఒక కెరీర్ కాలేజీలో (ఉద్యోగానికి కావాల్సిన పని నేర్పే కాలేజీ) మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరదామనుకుంటోంది. ఫీజు కోసం ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) లోన్ తీసుకోవాలి. అడ్మిషన్స్ వాళ్లేమో చేరినవాళ్లు దాదాపు అందరూ పూర్తి చేస్తారన్నారు. కాలేజీల వివరాలిచ్చే ప్రభుత్వ వెబ్‌సైట్ కాలేజ్ నావిగేటర్‌లో చూస్తే రిటెన్షన్ రేటు (మరుసటి ఏడాది కూడా అక్కడే చదువు కొనసాగించేవాళ్ల శాతం) బాగానే ఉంది, గ్రాడ్యుయేషన్ రేటు (కోర్సు పూర్తిచేసేవాళ్ల శాతం) మాత్రం చాలా తక్కువ. అది చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

నేను చదివినదాన్ని బట్టి, ఆ గ్రాడ్యుయేషన్ రేటులో మొదటిసారి కాలేజీలో చేరిన ఫుల్‌టైమ్ విద్యార్థులనే లెక్కిస్తారు. కోర్సు కాలానికి ఒకటిన్నర రెట్లు గడువు ఇస్తారు, అంటే 2 ఏళ్ల కోర్సుకు 3 ఏళ్లు. మా చెల్లి ఇదివరకే వేరే కాలేజీలో ఒక సెమిస్టర్ చదివి ఆపేసింది. ఇప్పుడు చంటిపిల్లతో పార్ట్‌టైమ్ తప్ప కుదరదు. అంటే తనలాంటివాళ్లు అసలు ఆ లెక్కలోనే లేరు! మరి తన విషయంలో ఏ అంకె చూసి నిర్ణయం తీసుకోవాలి?

ఇలాంటి కాలేజీల్లో చదివినవాళ్లు, పనిచేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. మానేసేవాళ్లు ఎక్కువగా ఏ దశలో, ఎందుకు మానేస్తారు? కాలేజీ మొత్తానికి కాకుండా ఈ ఒక్క కోర్సు పూర్తిచేసిన పార్ట్‌టైమ్ వాళ్ల లెక్క విడిగా ఇవ్వమని అడిగితే ఇస్తారా? మధ్యలో మానేసినా తీసుకున్న లోన్ కట్టాల్సిందే కదా, నా భయమంతా అదే.